పొయ్యికి సోకు కాదు.. పొగకు దారి ముఖ్యం

కట్టెల పొయ్యి కొనేవారు చూడవలసిన సంగతులు

తంబళ్లపల్లె: కార్తీకం వెళ్లి మార్గశిరం వచ్చిందంటే ఈ ప్రాంతంలో తెల్లవారుజామున దుప్పటి వదలడం కష్టం. మల్లయ్యకొండ మీద మంచు తెర తొలగేదాకా పల్లెల్లో జనం పొయ్యి దగ్గరే ఉంటారు. ముసలివారు చేతులు కాచుకుంటారు. బడికి పోయే పిల్లలు వేడినీళ్ల కోసం అండా దగ్గర నిలబడతారు. వంటింట్లో సంగటికి ఎసరు మరుగుతుంటుంది. వంటకు, నీళ్లకు, వెచ్చదనానికి అన్నింటికీ ఆ పొయ్యే ఆధారం.

ఈ పొయ్యి మార్చుకుందామనుకునే వారికి ఇప్పుడు అంగళ్లలో రకాలకు కొదవ లేదు. తళతళలాడే స్టీలు పొయ్యి ఉంది. చిన్న ఫ్యాను తగిలించిన పొయ్యి ఉంది. రంగు పూసిన ఇనుప పొయ్యి ఉంది. గ్యాస్ స్టవ్ పక్కన పెట్టినా వెలవెలపోని కొత్త నమూనాలు వచ్చాయి. అయితే పొయ్యి సోకు చూసి కొని, నెల తిరక్కుండానే దాన్ని దొడ్లోకి నెట్టి, మళ్లీ మూడు రాళ్లు పేర్చుకునే ఇళ్లు కూడా ఉంటాయి. పొయ్యి కొనే ముందు చూడవలసింది దాని మెరుపు కాదు. పొగ ఎటు పోతుంది, గాలి ఎటునుంచి వస్తుంది, మన గిన్నెలకూ మన కట్టెలకూ అది సరిపోతుందా అన్న సంగతులు ముందు తేల్చుకోవాలి.

గ్యాస్ వచ్చినా ఆరని పొయ్యి

ఉమ్మడి రాష్ట్రంలో మహిళా సంఘాల సభ్యులకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే దీపం పథకం 1999లో మొదలైంది. 2016లో కేంద్రం ఉజ్వల పథకం తెచ్చింది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇచ్చే దీపం-2 పథకం రాష్ట్రంలో 2024 నవంబరులో అమలులోకి వచ్చింది. దీంతో టీకి, కూరకు, పిల్లల టిఫినుకు చాలా ఇళ్లలో గ్యాసే వాడుతున్నారు.

అయినా కట్టెల పొయ్యి ఆరలేదు. ఇంటిల్లిపాదికీ స్నానానికి నీళ్లు గ్యాస్ మీద కాచాలంటే సిలిండరు ఎన్నాళ్లూ రాదు. సంగటి, పశువులకు దాణా ఉడకబెట్టడం, పండుగలకూ దేవరలకూ పెద్ద వంటలు కట్టెల మీదే సాగుతాయి. పైగా కట్టెకు కొదవ లేని ప్రాంతమిది. చేలో కంది కట్టె, పట్టు రైతుల వద్ద మల్బరీ పుల్లలు, టమాట తోటల్లో పనికి రాకుండా పోయిన ఊతకర్రలు, చెరువు కట్టల మీద సర్కారు తుమ్మ కంప దొరుకుతాయి. డబ్బు పెట్టి కొనే పని లేదు కనుక ఈ పొయ్యి ఇప్పట్లో పోయేది కాదు. పోనప్పుడు దాన్ని మంచిగా ఎంచుకోవడమే మేలు.

గవాచి పోయింది.. పొగ మిగిలింది

పాత మట్టిమిద్దెల్లో వంటింటి పైకప్పుకు గవాచి ఉండేది. వెలుతురు లోపలికి రావడానికీ పొగ బయటికి పోవడానికీ అదే దారి. వాన వస్తే పైకెక్కి బండ మూసేవారు, వెలిస్తే తీసేవారు. మిద్దెలు కట్టిన పెద్దలు బడుల్లో చదువుకోకపోయినా, వేడిగాలి పైకే పోతుందన్న సంగతి వారికి తెలుసు.

ఆ మిద్దెల చోట సిమెంటు స్లాబు ఇళ్లు వచ్చాయి. వంటింటికి ఒక కిటికీ పెడుతున్నారు. అందులోనూ సగం ఇళ్లలో పిల్లులు వస్తాయనో, దోమలు వస్తాయనో దానికి తలుపు బిగించి ఉంటుంది. గవాచి మాత్రం లేదు. కట్టెల పొయ్యి అదే, కట్టెలు అవే, పొగకు దారి మాత్రం పోయింది. ఇల్లు కొత్తదైన కొద్దీ వంటింట్లో పొగ ఎక్కువ కావడానికి కారణం ఇదే.

ఈ పొగను చిన్న విషయంగా తీసిపారేయడానికి వీల్లేదు. వంటచెరకు, బొగ్గు, కిరోసిన్ వంటివాటి పొగ కారణంగా 2020 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. వారిలో అయిదేళ్ల లోపు పిల్లలు 2 లక్షల 37 వేలకు పైగా ఉన్నారు. ఈ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. పిల్లల్లో న్యుమోనియా, పెద్దవారిలో ఆయాసం, గుండెజబ్బు, పక్షవాతం, ఊపిరితిత్తుల క్యాన్సర్ రావడానికి ఇది కారణమవుతుంది. కళ్లలో శుక్లాలు తొందరగా రావడానికీ దీనికీ సంబంధం ఉందని వైద్యులు చెబుతారు.

మదనపల్లె ప్రాంతపు గాలికి ఒకప్పుడు మంచి పేరు. క్షయ రోగుల కోసం ఆరోగ్యవరం శానిటోరియం 1915లో ఇక్కడ వెలిసింది. ఎక్కడెక్కడి నుంచో రోగులు ఈ గాలి కోసం వచ్చారు. ఊరి గాలి మంచిదే. పొగ చేరిన వంటింటి గాలి గురించే ఆలోచించాలి. రోజుకు మూడు నాలుగు గంటలు ఆ గాలి పీల్చేది ఇల్లాలు, ఆమె చంకలోని బిడ్డ.

హైదరాబాదులో పుట్టిన పొగరాని పొయ్యి

పొగరాని పొయ్యి ఆలోచన కొత్తదేమీ కాదు. వార్ధాలోని మగన్‌వాడిలో గ్రామ పరిశ్రమల సంఘం వారు తయారుచేసిన మగన్ చూల్హా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల నాటిది. తర్వాత కొద్ది ఏళ్లకే హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనశాల డైరెక్టరు డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితో కట్టుకోగల పొగరాని పొయ్యిని రూపొందించారు. దాని గురించి ఆయన రాసిన చిన్న పుస్తకం 1953లో వెలువడింది. మంట మీద ఒక గిన్నె, ఆ వేడి ముందుకు పోయే దారిలో మరో గిన్నె, చివరికి పొగ గొట్టం. ఒకే మంటతో రెండు మూడు పనులు జరగాలి, మిగిలిన పొగ ఇంటి కప్పు దాటిపోవాలి అన్నదే అందులోని కిటుకు. 1980 ప్రాంతాల్లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ వారు ‘అస్త్ర ఒలె’ పేరుతో మూడు గిన్నెల పొయ్యిని తయారుచేశారు. ఒలె అంటే కన్నడంలో పొయ్యి అని సరిహద్దు పల్లెల వారికి చెప్పనక్కరలేదు.

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమాన్ని చేపట్టింది. 2002లో ఆపివేసే నాటికి దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టించింది. కానీ వాటిలో చాలా భాగం కొన్నేళ్లకే మూలపడ్డాయి. కొన్నిచోట్ల గొట్టం పగిలింది. కొన్నిచోట్ల మసి పట్టి మూసుకుపోయింది. కొన్నిచోట్ల ఇంట్లోని గిన్నెకూ పొయ్యి కన్నానికీ కొలత కుదరలేదు. ఎవరికి వారు కన్నం పెద్దది చేసుకున్నారు, పొగ మళ్లీ ఇంట్లోకే వచ్చింది.

ఒడిశా పల్లెల్లో జరిగిన ఒక పరిశీలన ఇదే సంగతిని రుజువు చేసింది. ఆర్థికవేత్తలు రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైఖేల్ గ్రీన్‌స్టోన్ అక్కడ గొట్టం ఉన్న మట్టి పొయ్యిలు పెట్టించుకున్న కుటుంబాలను నాలుగేళ్ల దాకా గమనించారు. మొదటి ఏడాది పొగ పీల్చడం కొంత తగ్గింది. తర్వాత ఆ లాభం కనబడలేదు. పొయ్యిని సరిగా వాడకపోవడం, మరమ్మతు చేయకపోవడమే కారణమని వారు 2016లో ప్రకటించారు. ఎంత మంచి పొయ్యి అయినా దాన్ని చూసుకునే మనిషి లేకపోతే మూడు రాళ్లతో సమానమే అవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏ పొయ్యి ఎవరికి?

ప్రస్తుతం దొరికే కట్టెల పొయ్యిలను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది ఇంట్లో ఒకచోట స్థిరంగా కట్టుకునే గొట్టం పొయ్యి. మట్టితో గానీ ఇటుకతో గానీ కట్టించుకోవచ్చు. పొగను ఇంటి బయటికి పంపేది ఇదే. మట్టి గోడలు వేడిని పట్టి ఉంచుతాయి కనుక మంట ఆరిన తర్వాత కూడా కొంతసేపు వంటిల్లు వెచ్చగా ఉంటుంది. రెండో కన్నం మీద నీళ్ల గిన్నె పెడితే వంట అయ్యేలోగా స్నానానికి నీళ్లు గోరువెచ్చన అవుతాయి. పెద్ద కుటుంబానికి, వంట లోపలే చేసుకునే ఇంటికి ఇది తగినది.

రెండోది చేత్తో ఎత్తి ఎక్కడైనా పెట్టుకోగల ఇనుప పొయ్యి. దీని లోపల మంట గూడు సన్నగా, నిలువుగా ఉంటుంది. కింద అడ్డంగా కట్టె పెడతారు. గూడు లోపలి గోడ బాగా వేడెక్కి పొగ కూడా అక్కడే చాలావరకు మండిపోతుంది. దీన్ని రాకెట్ పొయ్యి అని అంటున్నారు. కట్టె తక్కువ తీసుకుంటుంది. కానీ ఎక్కువ నమూనాలకు గొట్టం ఉండదు. పొగ తగ్గుతుందే తప్ప పూర్తిగా పోదు. వసారాలోనో, దొడ్లోనో, గాలి ఆడే చోటనో వాడాలి.

మూడోది ఫ్యాను పొయ్యి. చిన్న ఫ్యాను గాలి ఊదుతుంటే మంట నీలంగా లేస్తుంది. ఉన్నవాటిలో పొగ తక్కువ. అయితే కట్టెను చిన్న చిన్న ముక్కలుగా నరికి వేయాలి. ఫ్యానుకు కరెంటు గానీ బ్యాటరీ గానీ కావాలి. ఫ్యాను చెడిపోతే బాగుచేసేవారు దగ్గరలో ఉన్నారా అన్నది ముందే విచారించుకోవాలి.

ఎత్తి పెట్టుకునే పొయ్యిలకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13152 అనే ప్రమాణం నిర్ణయించింది. 2013 నాటి ఆ ప్రమాణం ప్రకారం కట్టెలోని వేడిలో కనీసం 25 శాతం గిన్నెకు చేరాలి. ఫ్యాను పొయ్యి అయితే 35 శాతం చేరాలి. మూడు రాళ్ల పొయ్యిలో గిన్నెకు చేరేది నూటికి పది పదిహేను పాళ్లే. మిగతాదంతా పక్కలకు పోతుంది. అంటే మంచి పొయ్యి కొంటే రెండు మోపుల కట్టెతో జరిగే వంట ఒక మోపుతో జరుగుతుంది. కొనేటప్పుడు పొయ్యి మీద ఈ ప్రమాణం గుర్తు ఉందా అని అడిగి చూసుకోవాలి.

సంగటి కెలికితే నిలబడాలి

గుర్తు ఉంటే చాలదు. పొయ్యి మన వంటకు తట్టుకోవాలి. అన్నం వండడం వేరు, సంగటి కెలకడం వేరు. రాగిపిండి పోసి తెడ్డుతో గట్టిగా తిప్పేటప్పుడు గిన్నె కదలరాదు, పొయ్యి ఊగరాదు. తేలికైన స్టీలు పొయ్యి అక్కడే తప్పటడుగు వేస్తుంది. మరిగే సంగటి కాలి మీద పడితే పొయ్యి కొన్న సంతోషం ఆసుపత్రిలో తేలుతుంది. అంగడిలోనే పొయ్యి మీద గిన్నె పెట్టి రెండు చేతులతో తిప్పి చూడాలి. ఊగితే వద్దనాలి. లేదా చుట్టూ ఇటుక, మట్టి పెట్టి కదలకుండా బిగించుకోవాలి. అయితే గాలి పోయే కన్నాలు మాత్రం మూయకూడదు.

ఇంట్లో వాడే పెద్ద గిన్నె అడుగు కొలత తీసుకుని పోవడం మంచిది. గిన్నె చిన్నదైతే మంట పక్కలకు పోతుంది. మరీ పెద్దదైతే మంట ఊపిరాడక పొగ చిమ్ముతుంది. కట్టె పెట్టే నోటిలోకి మన కంది కట్టె, కంప ఏ పొడవున పడతాయో చూసుకోవాలి. రోజూ గొడ్డలి పట్టుకుని ముక్కలు కొట్టవలసి వస్తే ఆ పొయ్యి ఎన్నాళ్లో సాగదు. మంట కింద ఊచల జల్లెడ ఉందా, బూడిద సులువుగా తీయవచ్చునా అన్నదీ ముఖ్యమే. గాలి కట్టె కిందినుంచి పోవాలి. బూడిద పేరుకుంటే గాలి ఆగిపోతుంది, ఊదేగొట్టం పట్టుకోక తప్పదు.

అన్నింటికంటే ముందు, కొనేటప్పుడు ఇంట్లో వంట చేసే మనిషిని వెంట తీసుకుపోవాలి. ఎద్దును కొనేటప్పుడు దున్నేవాడు పళ్లు పట్టి చూడకుండా కొనడు. పొయ్యి విషయంలో మాత్రం వంట చేసే మనిషిని అడగకుండానే బేరం తెగిపోతుంటుంది.

గొట్టం పెట్టే పద్ధతి

గొట్టం పొయ్యి కట్టించుకునేవారు గొట్టం విషయంలో పిసినారితనం చూపకూడదు. మూడు నాలుగు అంగుళాల వెడల్పున్న గొట్టం ఇంటి వంటకు సరిపోతుంది. అది నేరుగా పైకి పోవాలి. వంపులు ఎంత తక్కువైతే పొగ అంత బాగా లాగుతుంది. కప్పు మీద కనీసం రెండు మూడు అడుగుల ఎత్తు లేవాలి. గోడకు కన్నం పెట్టి చూరు కిందనే వదిలేస్తే ఎదురుగాలికి పొగ వెనక్కి తన్నుతుంది. పైన వాన పడకుండా టోపీ పెట్టాలి. టోపీకీ గొట్టానికీ మధ్య ఖాళీ వదలాలి.

బోదకొట్టం, తాటాకు కప్పు ఉన్నచోట గొట్టం దగ్గర ఆకు తగలకుండా దూరం ఉంచి, చుట్టూ రేకు లేదా మట్టి పెట్టాలి. ఇనుప గొట్టం బాగా కాలుతుంది. ఒక్క నిప్పురవ్వకు కొట్టం మొత్తం పోతుంది. చిన్నపిల్లల చేతులు తగిలే ఎత్తులో గొట్టానికి అడ్డు కట్టాలి.

నెలకొకసారైనా గొట్టంలో మసి తీయాలి. పొడుగు కర్రకు గోనెసంచి ముక్క కట్టి పైనుంచి కిందికి లాగితే చాలు. ఈ పని ఎవరిదో ఇంట్లో ముందే నిర్ణయించుకోవాలి. మిద్దె ఎక్కే పని కనుక మగవారు చేయడమే న్యాయం. వంటింట్లో పొగ మళ్లీ కమ్ముతున్నదంటే పొయ్యి చెడిపోయిందని కాదు, గొట్టం మూసుకుపోయిందని అర్థం.

చలికి కుంపటి.. గదిలో ప్రమాదం

వెచ్చదనం కోసం పెట్టే కుంపటి విషయంలో ఎంతో జాగ్రత్త అవసరం. నిప్పులు ఎర్రగా ఉండి పొగ రావడం లేదు కనుక భయం లేదని చాలామంది అనుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వెలువడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలుపులు, కిటికీలు మూసిన గదిలో అది చేరితే తలనొప్పి, వాంతి, మత్తు వస్తాయి. నిద్రలో ఉన్నవారు లేవకుండానే ప్రాణం పోవచ్చు.

ఈ సంగతి బాలింతలున్న ఇళ్లవారు మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి. గాలి తగలరాదని తలుపు మూసి, మంచం కింద నిప్పుల కుంపటి పెట్టే అలవాటు పల్లెల్లో ఉంది. పాత మిద్దెలో గవాచి ఉండేది కనుక ఆ గాలి కొంతైనా పైకి పోయేది. స్లాబు గదిలో ఆ దారి లేదు. బాలింతకు, పసిబిడ్డకు వెచ్చదనం కావాలంటే పొడి బట్టలు, కంబళి, తలకు టోపీ, తల్లి ఒడి చాలు. నిప్పు పెట్టక తప్పదనుకుంటే గదిలో మనుషులు లేనప్పుడు తలుపు తెరిచి గది వెచ్చబెట్టి, కుంపటి బయటికి తీసేసి, గాలి మారిన తర్వాతే పడుకోబెట్టాలి. రాత్రి పడుకునే గదిలో కుంపటి ఉంచనే కూడదు.

చలిదేశాల్లో ఇల్లు వెచ్చగా ఉంచడానికి తలుపు ఉన్న ఇనుప పొయ్యిలు వాడతారు. కాశ్మీరు, లడఖ్‌లలో బుఖారీ అనే పొయ్యి ఉంది. సైన్యంలో చేసి వచ్చిన జవాన్లు దాన్ని ఎరుగుదురు. గొట్టం గది బయటికి ఉండటమే దాని ప్రాణం. 1,265 మీటర్ల ఎత్తున ఉన్న హార్సిలీ కొండ వంటి చోట్ల ఇల్లు కట్టుకునేవారికి అటువంటిది పనికి రావచ్చు. దానికి కూడా గదిలోకి కొత్త గాలి వచ్చే సందు ఉండాలి. కింది పల్లెల్లో పగలు ఎండ కాస్తుంది కనుక ప్రత్యేకంగా అంత ఖర్చు పెట్టవలసిన పని లేదు. మంచి గొట్టం పొయ్యి వంట చేస్తూనే ఇంటిని కొంత వెచ్చబెడుతుంది.

పట్టు రైతులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. చాకీ పురుగులకు 27, 28 డిగ్రీల వేడి కావాలి. చలికాలంలో షెడ్డును వెచ్చబెట్టక తప్పదు. కానీ పొగ తగిలితే పురుగు ఆకు తినదని రైతు ఎంతో జాగ్రత్త పడతాడు. పొగ వచ్చే కట్టెను షెడ్డు దరిదాపులకు రానివ్వడు. పురుగు మీద చూపే ఆ జాగ్రత్తలో సగం ఇంట్లోని మనుషుల మీద చూపినా వంటింట్లో దగ్గు తగ్గుతుంది.

కట్టె ఆరితే సగం పని అయినట్టే

ఎంత మంచి పొయ్యిలోనైనా పచ్చి కట్టె పెడితే పొగ రాక తప్పదు. అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరే. ఆ నీరు ఆవిరి కావడానికే మంట వేడి ఖర్చవుతుంది. ఎండాకాలంలో కట్టె కొట్టి, చీల్చి, వాన తగలని చోట గాలి ఆడేట్టు పేర్చుకుంటే చలికాలానికి గలగలమనేట్టు ఎండుతుంది. రెండు కట్టెలను తట్టి చూస్తే ఠంగుమని మోగాలి. దబ్బుమంటే ఇంకా పచ్చి ఉందని గుర్తు.

నిప్పు రాజేయడానికి ప్లాస్టిక్ కవర్లు, చేలో చినిగిన మల్చింగ్ షీట్లు, డ్రిప్ పైపు ముక్కలు వేయడం ఈ మధ్య పెరిగిన చెడు అలవాటు. ఆ పొగ కట్టె పొగకంటే విషం. కొబ్బరి పీచు, ఎండిన చిదుగులు, కంది పొట్టు ఉండగా ప్లాస్టిక్‌తో పని ఏముంది?

ఇంట్లో పొగ ఎంత ఉందో తెలుసుకోవడానికి యంత్రాలు అక్కరలేదు. పొయ్యి వెలిగించిన తర్వాత వంటింటి గడప దగ్గర నిలబడి కప్పు వైపు చూస్తే సరి. కప్పు కింద పొగ తెర కనబడిందా, కళ్లు మండాయా, ఆ పొయ్యికి దారి సరిగా లేదన్నమాట. గోడకు నల్లని మసి చారలు ఉన్నాయంటే ఆ మసి గోడకే ఆగిపోలేదని, అందులో కొంత ఇల్లాలి ఊపిరితిత్తులకూ చేరిందని గ్రహించాలి. పొయ్యి మార్చగల స్తోమత ఈ ఏడాది లేనివారు కనీసం కిటికీ తెరిచి, పొయ్యిని దాని దగ్గరకు జరిపి, పొయ్యికి నేరుగా పైన స్లాబు కింద గోడకు ఒక కన్నం పెట్టించుకోవచ్చు. పెద్దల నాటి గవాచి అలాగైనా మళ్లీ ఇంటికి వస్తుంది.